క్షణదీప్తి: అల్పవ్యయంతో ఫ్లాష్‌ను ఎంచుకోవడంలోని శాస్త్రం

కెమెరా కవాటం (షట్టర్) తెరుచుకొని ఉన్న కొద్దిపాటి వ్యవధిలో, సెకనులో కొన్ని వందల లేదా వేల వంతు కాలం మాత్రమే వెలిగి ఆరిపోయే కృత్రిమ కాంతిని క్షణదీప్తి అనవచ్చు. బజారులో ఫ్లాష్ అన్న పేరే స్థిరపడింది కనుక ఈ వ్యాసంలో పరికరాన్ని ఫ్లాష్ అనీ, అది వెలువరించే కాంతిని క్షణదీప్తి అనీ వ్యవహరిస్తాను. నిరంతరం వెలిగే ఎల్‌ఈడీ దీపానికీ దీనికీ ఉన్న భేదం ప్రకాశ తీవ్రతతో ముగిసేది కాదు. ఎల్‌ఈడీ కాంతిని ఎంతసేపు స్వీకరించాలో కవాటం నిర్ణయిస్తుంది. క్షణదీప్తి విషయంలో ఆ కాలాన్ని దీపమే నిర్ణయిస్తుంది. ఈ ఒక్క తేడాను మనసులో నిలుపుకొన్న కొనుగోలుదారుకు మిగిలిన శాస్త్రమంతా సులభంగా విప్పారుతుంది.

అమీర్‌పేట మైత్రీవనం చుట్టుపక్కల సందుల్లో, సాఫ్ట్‌వేర్ కోచింగ్ సెంటర్ల బోర్డుల నడుమ, పాస్‌పోర్టు ఫొటోలు, వీసా ఫొటోలు తీసే చిన్న గదులు కనిపిస్తాయి. అక్కడినుంచి పంజగుట్ట మీదుగా కొంత దూరం పోతే మాసాబ్ ట్యాంక్‌లో, ఛాయాచిత్రణాన్ని పట్టా స్థాయిలో బోధించే జవహర్‌లాల్ నెహ్రూ వాస్తు, లలితకళల విశ్వవిద్యాలయం ఉంది. మరోవైపు యూసఫ్‌గూడలో కోట్ల విజయభాస్కరరెడ్డి ఇండోర్ స్టేడియం ఉంది. బతుకుతెరువు కోసం రూపచిత్రాలు తీసేవారు, చదువు కోసం తీసేవారు, ఆటగాళ్ల వెంట తిరుగుతూ తీసేవారు, ముగ్గురూ ఈ రెండు మూడు మైళ్లలోనే తారసపడతారు. ముగ్గురూ అడిగే ప్రశ్న ఒకటే: తక్కువ డబ్బులో ఏ ఫ్లాష్ కొనాలి? ఈ ప్రశ్నకు కంపెనీ పేరు సమాధానం కాజాలదు. దీపానికి శక్తి ఎంత అన్నదాని కంటే ముందు, అది ఎంతసేపు వెలుగుతుంది, ఎక్కడ నిలబడి వెలుగుతుంది అన్నవి అడగాలి. రూపచిత్రానికి దీపం నిలిచే చోటు ప్రాణం, క్రీడాచిత్రానికి అది వెలిగే కాలం ప్రాణం. ఈ రెండింటినీ విస్మరించి శక్తికి మాత్రమే డబ్బు పెట్టేవారు ఎక్కువ ఖర్చు చేసి తక్కువ పొందుతున్నారని నా దృఢమైన అభిప్రాయం.

చరిత్రను క్లుప్తంగా స్మరించుకొందాం. 1887లో జర్మనీలో గేడికే, మీథే అనే ఇద్దరు మెగ్నీషియం చూర్ణాన్ని ఆక్సీకారక పదార్థంతో కలిపి మండించే పొడిని రూపొందించారు. ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ ఆస్థాన ఛాయాచిత్రకారుడు రాజా దీన్‌దయాళ్ సికింద్రాబాదులో స్టూడియో నడిపిన రోజుల్లో క్షణదీప్తి అంటే మెగ్నీషియం మంటే. మండించిన ప్రతిసారీ పొగ, బూడిద. కాలావధిపై అదుపు శూన్యం. 1930వ దశకంలో అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో హెరాల్డ్ ఎడ్జర్టన్ విద్యుదుత్సర్గంతో వెలిగే వాయునాళాన్ని ఛాయాచిత్రణానికి అన్వయించి, మానవ నేత్రం పట్టుకోలేని కదలికలను నిలిపి చూపించాడు. నేడు మన చేతిలోని ఫ్లాష్ ఆ వాయునాళానికి వారసురాలే.

దాని పనితీరు ఇది. నాలుగు పెన్సిల్ సెల్లు ఇచ్చే దాదాపు 5 వోల్టుల విద్యుత్తును లోపలి వలయం 300 వోల్టులకు పైగా పెంచి, ఒక కెపాసిటర్‌లో నింపుతుంది. బటన్ నొక్కగానే ఆ ఆవేశం జినాన్ వాయువు నింపిన గాజునాళం గుండా ఒక్కసారిగా ప్రవహించి, తెల్లని వెలుగుగా మారుతుంది. నిల్వ ఉన్న శక్తి కెపాసిటర్ ధారణశక్తిలో సగాన్ని వోల్టేజి వర్గంతో గుణించినంత. 1400 మైక్రోఫారడ్‌ల కెపాసిటర్‌ను 330 వోల్టుల వరకు నింపితే సుమారు 76 జౌళ్లు వస్తాయి. 2000 మిల్లీఆంపియర్-గంటల నాలుగు రీఛార్జబుల్ సెల్లలో మొత్తం దాదాపు 34,500 జౌళ్లు ఉంటాయి. వోల్టేజి పెంపులో సుమారు సగం వేడిగా పోతుందనుకొన్నా, పూర్తి శక్తితో రెండువందలకు పైగా మెరుపులు రావాలి. ఈ లెక్క తెలిసినవాడు డబ్బా మీద రాసిన సంఖ్యను గుడ్డిగా నమ్మనక్కరలేదు, అనుమానించనూ అక్కరలేదు. గడియారాల్లో వేసే చవక కార్బన్ సెల్లకు అంతర్నిరోధం ఎక్కువ. అవి కెపాసిటర్‌ను నింపడానికి చాలా సమయం తీసుకొంటాయి. ఫ్లాష్ చెడిపోయిందని వాపసు తెచ్చేవారిలో కొందరి ఫ్లాష్‌కు సెల్లు మారిస్తే చాలు.

ఇక కొలమానాలు. మొదటిది మార్గదర్శక సంఖ్య. దుకాణంలో దీనినే గైడ్ నంబర్ అంటారు. ఐ.ఎస్.ఓ. 100 వద్ద, సరైన వెలుగు రావడానికి కావలసిన ఎపర్చర్ సంఖ్యను మీటర్లలోని దూరంతో గుణిస్తే వచ్చేది ఈ సంఖ్య. సంఖ్య 40 అయితే 5 మీటర్ల దూరానికి ఎఫ్ 8, 10 మీటర్లకు ఎఫ్ 4. అయితే ఇక్కడ ఒక మెలిక ఉంది. ఫ్లాష్ తలలోని నాళం ముందుకూ వెనక్కూ జరుగుతూ వెలుగును ఇరుకుగానో వెడల్పుగానో పంపుతుంది. తయారీదారులు డబ్బా మీద సాధారణంగా అతి ఇరుకైన కోణంలో వచ్చే సంఖ్యనే ముద్రిస్తారు. అందరికీ పరిచితమైన గోడాక్స్ టీటీ 600కు ప్రకటించిన 60 అనే సంఖ్య 200 మిల్లీమీటర్ల జూమ్ స్థానానిది. ఈ తరగతి ఫ్లాష్‌లో 50 లేదా 35 మిల్లీమీటర్ల స్థానానికి వస్తే అది నలభై దరిదాపులకు దిగుతుంది. ఒక కంపెనీ సంఖ్యను 105 వద్దా, మరొక కంపెనీ సంఖ్యను 200 వద్దా చూసి పోల్చడం, ఒకరి జీతాన్ని నెలకూ మరొకరి జీతాన్ని ఏడాదికీ లెక్కగట్టి పోల్చినట్టే. సంఖ్య రెట్టింపు కావాలంటే శక్తి నాలుగింతలు కావాలన్నది కూడా గుర్తుంచుకోవాలి. 40కీ 56కీ మధ్య ఉన్నది ఒక్క స్టాప్ (రెట్టింపు వెలుగు) తేడా మాత్రమే, ధరలో మాత్రం ఆ తేడా చాలా పెద్దదిగా కనిపించవచ్చు.

రెండవది కాలావధి. అమ్మకపు కరపత్రాల్లో దీని ఊసు తరచుగా ఉండదు. క్షణదీప్తి అకస్మాత్తుగా శిఖరానికి చేరి, క్రమంగా క్షీణిస్తుంది. శిఖర తీవ్రతలో సగానికి పైగా వెలిగిన కాలాన్ని ఒక కొలతగా, పదోవంతుకు పైగా వెలిగిన కాలాన్ని మరొక కొలతగా చెబుతారు. పూర్తి శక్తి వద్ద రెండవది మొదటిదానికి సుమారు మూడింతలు. కదలికను నిలపడానికి లెక్కలోకి తీసుకోవలసింది రెండవదే. పెన్సిల్ సెల్లతో నడిచే చేతి ఫ్లాష్ పూర్తి శక్తి వద్ద సెకనులో మూడువందలవ వంతు ప్రాంతంలో వెలగవచ్చు. శక్తిని తగ్గిస్తే, ఐజీబీటీ అనే అర్ధవాహక స్విచ్చు వెలుగును మధ్యలోనే కత్తిరించడం వల్ల కాలావధి కుంచించుకుపోతుంది. 1/128 శక్తి వద్ద సెకనులో ఇరవై వేలవ వంతు వరకు చేరవచ్చు. సంప్రదాయ స్టూడియో దీపాలు అనేకం దీనికి విరుద్ధం: అవి వోల్టేజిని తగ్గించి శక్తిని తగ్గిస్తాయి గనుక తక్కువ శక్తి వద్ద వాటి కాలావధి పెరుగుతుంది. స్టూడియో దీపం ఖరీదైనది కనుక ఆటకు అదే మేలన్న భావన ఇక్కడే బోల్తా కొడుతుంది.

దీని ప్రయోజనాన్ని అంకెల్లో చూద్దాం. గంటకు 36 కిలోమీటర్లు, అంటే సెకనుకు 10 మీటర్ల వేగంతో కదిలే ఆటగాడి చేయి 1/250 సెకనులో 4 సెంటీమీటర్లు జరుగుతుంది. వేలి ఆకారం మిగలదు. 1/1000 సెకనులో ఒక సెంటీమీటరు. 1/8000 సెకనులో ఒకటింపావు మిల్లీమీటరు. అప్పుడు చెమట చుక్క సైతం గుండ్రంగా నిలుస్తుంది.

మూడవది సమకాలీకరణం. నేటి మార్చుకునే కటకాల కెమెరాల్లో కవాటం రెండు తెరల రూపంలో సంవేదకం (సెన్సర్) ముందు కదులుతుంది. సాధారణంగా 1/200 లేదా 1/250 సెకను వరకే ఆ రెండు తెరలూ కలిసి మొత్తం చట్రాన్ని ఒక్కసారి తెరచి ఉంచగలవు. అంతకంటే వేగంగా పోతే సన్నని చీలిక ఒకటి పైనుంచి కిందికి ప్రయాణిస్తుంది, క్షణదీప్తి పడిన భాగం వెలిగి మిగిలినది నల్లగా మిగులుతుంది. హైస్పీడ్ సింక్ అనే పద్ధతిలో ఫ్లాష్ అతివేగంగా పదేపదే మెరుస్తూ, చీలిక ప్రయాణించినంతసేపూ నిరంతర దీపంలా వెలుగుతుంది. ఆటకు ఇది దివ్యౌషధమని చాలామంది భావిస్తారు. అయితే ఆ పద్ధతిలో దీపం కదలికను నిలపడం మానేసి, ఆ పనిని కవాటానికి అప్పగిస్తుంది. పైగా శక్తిలో అధిక భాగాన్ని కోల్పోతుంది. మిట్టమధ్యాహ్నపు ఎండలో ఎపర్చర్‌ను విశాలంగా తెరచి రూపచిత్రం తీయడానికి అది ఉపయుక్తం. పది మీటర్ల దూరాన ఆటకు కాదు.

ఇప్పుడు క్రీడాచిత్రానికి ఈ సూత్రాలను అన్వయిద్దాం. ఆటస్థలంలో 800 లక్స్ వెలుగు ఉందనుకొందాం. ఎఫ్ 4, ఐ.ఎస్.ఓ. 800 పెడితే దానికి తగిన కవాట వేగం సుమారు 1/160 సెకను. ఫ్లాష్ మార్గదర్శక సంఖ్య 40 అయితే, ఐ.ఎస్.ఓ. ఎనిమిదింతలు కావడమూ, శక్తిని ఎనిమిదో వంతుకు దించడమూ పరస్పరం రద్దయి, 10 మీటర్లకు అదే ఎఫ్ 4 వస్తుంది. ఎనిమిదో వంతు శక్తిలో కాలావధి కూడా చక్కగా తగ్గుతుంది. అంతా సవ్యంగా ఉన్నట్టే కనిపిస్తుంది. కానీ కవాటం 1/250 వద్ద ఆగిపోవలసి రావడంతో, హాలు దీపాల వెలుగు క్షణదీప్తిలో దాదాపు మూడింట రెండు వంతులుగా చిత్రంలో చేరుతుంది. ఫలితంగా పదునైన ఒక ప్రతిమ పక్కన మసకబారిన మరొక ప్రతిమ, దయ్యంలా, అంటుకొని వస్తుంది. అదే 200 లక్స్ మాత్రమే ఉన్న కాలేజీ ప్రాంగణంలోని సాయంకాలపు కోర్టులో అయితే హాలు వెలుగు వాటా ఆరో వంతుకు పడిపోయి, చిత్రం శుభ్రంగా నిలుస్తుంది. అందువల్ల అల్పవ్యయపు ఫ్లాష్ పని చేసేది మసక కోర్టులో. వెలుగున్న స్టేడియంలో కాదు.

వెలుగున్న స్టేడియంలో మరొక నియమం కూడా ఉంది, అది శాస్త్రానిది కాదు, మర్యాదది. 2001లో ఆల్ ఇంగ్లండ్ గెలిచిన పుల్లెల గోపీచంద్, ఆయన అకాడమీలో ఎదిగిన సైనా, సింధుల మూలంగా బాడ్మింటన్ ఈ నగరానికి ఇంటి ఆటగా మారింది. ఆ ఆటలో షటిల్‌పై దృష్టి నిలిపిన కన్నులోకి మెరుపు కొట్టడం పాయింటును చెడగొట్టడమే. పోటీ జరుగుతున్నప్పుడు ఫ్లాష్ నిషిద్ధం. అభ్యాస సమయంలో, శిక్షకుని అనుమతితో, దీపాన్ని ఆటగాడి చూపుకు పక్కగా ఎత్తున నిలబెట్టి తీయవచ్చు. పోటీలు తీయదలచినవారు ఫ్లాష్ డబ్బును ఎఫ్ 1.8 ఎపర్చర్ గల 85 మిల్లీమీటర్ల కటకానికి మళ్లించడం ఉత్తమం. కెమెరాతో వచ్చే మామూలు జూమ్ కటకం ఎఫ్ 5.6 వద్ద లోనికి పంపే వెలుగుకు అది తొమ్మిదిన్నర రెట్లు పైగా పంపుతుంది. పైన చెప్పిన 800 లక్స్ హాలులోనే ఐ.ఎస్.ఓ. 1600తో 1/1500 సెకను వేగం ఇస్తుంది. మన విద్యుత్తు 50 హెర్ట్జ్ కనుక కొన్ని హాళ్ల దీపాలు సెకనుకు వందసార్లు మిణుకుమంటాయి. చట్రానికీ చట్రానికీ రంగు మారుతుంటే దోషం కటకానిది కాదు.

రూపచిత్రం దగ్గరికి వస్తే శాస్త్రం మరింత ఫలవంతం. ఇక్కడ రెండు సూత్రాలు ఏలుతాయి. కాంతి దూరం వర్గానికి విలోమానుపాతంలో తగ్గుతుందన్న విలోమ వర్గ నియమం ఒకటి. ముఖం నుంచి చూసినప్పుడు దీపం ఎంత పెద్దగా కనబడితే నీడ అంచు అంత మృదువుగా ఉంటుందన్నది రెండవది. కెమెరా నెత్తి మీది ఫ్లాష్ ముఖానికి అగ్గిపెట్టెంత దీపం. ముక్కు పక్కన కత్తితో గీసినట్టు నీడ పడుతుంది, నుదుటి చెమట తెల్లగా మెరుస్తుంది, నూనె రాసిన జుట్టు మీద మచ్చలు లేస్తాయి. అదే ఫ్లాష్‌ను మీటరు వెడల్పు గొడుగులోకి తిప్పి, ముఖానికి ఒక మీటరు దూరాన, నలభై అయిదు డిగ్రీల పక్కగా నిలబెడితే పరిస్థితి మారిపోతుంది. శక్తి ఏమీ పెరగలేదు, స్థలం మాత్రమే మారింది.

ఒక వీసా ఫొటో గదిని దగ్గరగా చూద్దాం. 2008 నుంచి 2023 మార్చి వరకు అమెరికా కాన్సులేట్ బేగంపేట పైగా ప్యాలెస్‌లో ఉండేది. అది నానక్‌రామ్‌గూడకు తరలిపోయినా, అమీర్‌పేటలో ఆ ఫొటో అడిగేవారు తగ్గలేదు. నియమాలు స్పష్టం: రెండంగుళాల చదరం, తల ఎత్తు 25 నుంచి 35 మిల్లీమీటర్లు, తెలుపు లేదా తెలుపుకు దగ్గరి నేపథ్యం, నీడలు ఉండకూడదు, 2016 నవంబరు నుంచి కళ్లద్దాలూ ఉండకూడదు. గదిలో స్టూలు గోడకు ఆనుకొని ఉంది. కుర్రవాడు కూర్చొన్నాడు, ఫ్లాష్ కొట్టారు. కుడి చెవి వెనుక గోడ మీద నల్లని చెవి మరొకటి మొలిచింది. స్టూలును ఒక మీటరు ముందుకు జరిపితే ఆ నీడ చట్రం దాటి పోయింది, కానీ గోడ బూడిదరంగుకు తిరిగింది. దీపం ముఖానికి 1 మీటరు, గోడకు 2 మీటర్లు. గోడ మీద పడేది నాలుగో వంతే. దీపాన్ని 2 మీటర్లకు వెనక్కి జరిపితే నిష్పత్తి 2కు 3 అయి, గోడకు తొమ్మిదింట నాలుగు వంతులు చేరుతుంది. కానీ వెలుగు కాస్త కఠినమవుతుంది. పూర్తి పరిష్కారం, స్టూలు వెనుక నేల మీద చిన్న ఫ్లాష్ ఒకటి గోడ వైపు తిప్పి పెట్టడం. ముఖం నీడవైపు ఒక థర్మకోల్ షీట్ నిలబెడితే చాలు. బుక్ స్టాల్‌లో దొరికే ఆ షీట్‌కు మించిన ప్రతిఫలకం ఈ గదికి అక్కరలేదు. కళ్లద్దాలు అనుమతించే ఇతర ఫొటోల్లో మెరుపు అద్దంలో కనబడితే, పతన కోణం పరావర్తన కోణానికి సమానమన్న పాఠాన్ని గుర్తుచేసుకొని, దీపాన్ని ఇంకొంచెం పైకెత్తాలి.

ఈ గది చెప్పేది అర్థమైతే కొనుగోలు నిర్ణయం దానంతటదే తేలుతుంది. ఒక ఖరీదైన ఫ్లాష్ కంటే, చేతితో శక్తిని నియంత్రించే రెండు సాధారణ ఫ్లాష్‌లు, వాటిని దూరం నుంచి వెలిగించే రేడియో ట్రిగ్గర్ ఒకటి, స్టాండు, గొడుగు మేలు. గోడాక్స్, యోంగ్‌నువో, మన దేశపు డిజిటెక్, సింపెక్స్ పేర్లతో ఇటువంటివి లభిస్తాయి. రేడియో గ్రాహకం లోపలే అమర్చి ఉన్నవాటిని, రెండూ ఒకే కంపెనీవి చూసి కొనాలి. భిన్న కంపెనీల రేడియో భాషలు కలవవు. కటకం గుండా వెలుగును కొలిచి శక్తిని తానే నిర్ణయించే టీటీఎల్ సౌకర్యానికి అదనపు ధర చెల్లించడం, దూరం క్షణక్షణం మారే పెళ్లి మండపంలో సమంజసం. స్టూలు కదలని గదిలో నిరర్థకం. ఆరుబయట పని ఎక్కువగా ఉంటే మాత్రం లెక్క వేరు. నెక్లెస్ రోడ్డు మీద ఎండలో ఐ.ఎస్.ఓ. 100, 1/200 సెకనుకు ఎఫ్ 11 వస్తుంది. సంఖ్య 40 గల ఫ్లాష్ గొడుగులో రెండు స్టాపులు కోల్పోయి, 2 మీటర్లకు ఎఫ్ 10 మాత్రమే ఇస్తుంది, అదీ పూర్తి శక్తిలో. అక్కడ 200 జౌళ్ల లిథియం బ్యాటరీ దీపానికి పెట్టే డబ్బు వృథా కాదు.

దుకాణంలో నిలబడి చేయవలసిన పరీక్ష కష్టమేమీ కాదు. కొత్తగా నింపిన సెల్లు మీరే తీసుకెళ్లండి. పూర్తి శక్తితో పదిసార్లు వరుసగా వెలిగించి, సిద్ధమైనట్టు దీపం చెప్పడానికి ప్రతిసారీ పట్టే సమయాన్ని లెక్కించండి. పదోసారి మొదటిసారి కంటే మరీ ఆలస్యమైతే వదిలేయండి. ముందున్న ప్లాస్టిక్ అద్దం పసుపుపచ్చగా మారిందా, నాళం చివర్లు నల్లబడ్డాయా చూడండి. అదే దూరం నుంచి తెల్ల గోడను పదిసార్లు తీసి, పదింటి వెలుగూ ఒకేలా ఉందేమో కెమెరా తెరపై సరిచూడండి. ఫ్లాష్‌ను ఎట్టి పరిస్థితిలోనూ విప్పి చూడవద్దు. స్విచ్చు ఆపిన తర్వాత కూడా ఆ కెపాసిటర్‌లో ప్రమాదకరమైన ఆవేశం మిగిలి ఉంటుంది.

సెకండ్ హ్యాండ్ పాత ఫ్లాష్ కొనేవారు మరొక జాగ్రత్త తీసుకోవాలి. నేను మొదట్లో ఇలాంటిదొకటి చవకగా వచ్చిందని తెచ్చి, నేరుగా డిజిటల్ కెమెరాకు తగిలించి, ఆ కెమెరా హాట్ షూను, అంటే ఫ్లాష్‌ను తగిలించే గాడిని, శాశ్వతంగా పోగొట్టుకొన్నాను. ఆ బాధలోనే ఈ కింది కొలత నేర్చుకొన్నాను. ఫిల్ము కెమెరాల కాలపు ఫ్లాష్‌లు కొన్ని తమ పాదంలోని స్పర్శబిందువుల మధ్య 200 వోల్టులకు పైగా నిలుపుతాయి. జపానులో తయారైన తొలినాటి వివిటార్ 283లు ఇందుకు ప్రసిద్ధ ఉదాహరణ. ఫ్లాష్‌ను ఆన్ చేసి, పూర్తిగా నిండిన తర్వాత, మల్టీమీటరు ఒక కొనను పాదం మధ్య చుక్కకూ, రెండవదాన్ని పక్క లోహపు అంచుకూ ఆనించండి. అయిదారు వోల్టులు చూపితే నిశ్చింతగా వాడుకోవచ్చు. వందల్లో చూపితే కెమెరా మీద పెట్టవద్దు; మరో ఫ్లాష్ వెలుగును చూసి స్పందించే స్లేవ్ సెల్ తగిలించి, స్టూలు వెనుక నేల మీద, గోడ వైపు తిప్పి పెట్టండి.